అప్పీల్ వేస్తే పింఛను డబ్బు వెనక్కి కట్టాలా? ఎవరు చెప్పారు మీకు?

వికలాంగుల పింఛను గురించి, దానికి వైకల్యం శాతం తేల్చే సదరం అనే ప్రభుత్వ వైద్య పరీక్ష గురించి ఈ వారంలో ఒకే మెసేజ్ నాలుగోసారి వచ్చింది. "సదరంలో 40 శాతం కంటే తక్కువ వేస్తే ఇక అంతే, డాక్టరు మాటే ఫైనల్. అప్పీల్ వేస్తే పాత పింఛనంతా రికవరీ చేసి కేసు పెడతారు. కాలూ చెవీ రెండూ బాగాలేకపోయినా కలపరు. నడిచి వచ్చేవాళ్లకు ఇవ్వరు. సర్టిఫికెట్ లామినేషన్ చేయిస్తే చెల్లదు. అందరికీ పంపండి." పంపినవాళ్లలో నా స్నేహితులే ఉన్నారు, బాగా చదువుకున్నవాళ్లున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

లామినేషన్ సంగతి వదిలేయండి, సదరం నంబరు కొడితే వివరాలు ఆన్‌లైన్‌లోనే కనిపిస్తాయి. నడిచి వచ్చేవాళ్లకు ఇవ్వరనేది అంతకంటే అన్యాయం. చెవులు వినపడనివాళ్లు నడవరా? ఉదయగిరి వైపు మెట్టలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుం వంగిపోయినవాళ్లు కర్ర పట్టుకుని బస్టాండు దాకా నడిచే వస్తారు, వాళ్లకు నొప్పి లేదనా? 1995 వికలాంగుల చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉంటే దాని బదులు వచ్చిన 2016 చట్టంలో 21 చేశారు, అందులో చాలావాటికి కాళ్లతో పనే లేదు.

నాకు కడుపు మండింది రికవరీ మాటకు. మా పిన్నమ్మకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. పదేళ్లుగా చెవులూ సరిగ్గా వినపడవు, కుక్కర్ విజిల్ కూడా మనం చెప్పాల్సిందే. మళ్లీ పరీక్ష చేసి 30 శాతం వేశారు, పింఛను ఆపుతామని నోటీసు ఇచ్చారు. ఆ నోటీసును నాలుగు మడతలు పెట్టి పాస్‌బుక్కులో దాచుకుంది గానీ ఎవరికీ చూపించలేదు. ఎందుకంటే ఎవరో ఈ మెసేజ్ చదివి వినిపించారు. "ఇచ్చిందంతా మళ్లీ కట్టమంటే యాడ తెచ్చేది అబ్బయ్యా" అంది నాతో. నెలకు 6,000 వచ్చే మనిషి. మందులూ, గ్యాసూ, మనవరాలి ఫీజులో కొంత, అన్నీ అందులోనే. అర్జీ పెట్టాల్సిన రోజుల్లో తొమ్మిది రోజులు ఆ భయంతోనే పోయాయి.

2016 చట్టం 91వ సెక్షన్‌లో శిక్ష ఉంది, నిజమే. రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అది ఎవరికి? మోసం చేసి లబ్ధి పొందినవాళ్లకు. దొంగ సర్టిఫికెట్ పెట్టినవాడు అప్పీల్ వేసినా వేయకపోయినా దొరికితే దొరికినట్టే. అప్పీల్ వేసినందుకు శిక్ష అని ఆ చట్టంలో ఎక్కడుందో చూపించండి. పైగా 59వ సెక్షన్ సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ల నిర్ణయం మీద అప్పీల్ చేసుకునే హక్కు ఇస్తోంది. మరి డాక్టరు మాటే ఫైనల్ ఎలా అవుతుంది? పల్లెల్లో ఎంపీడీవోకి, టౌన్లో మున్సిపల్ కమిషనర్‌కి ఇవ్వమన్నారు గదా, 2025 ఆగస్టులో నోటీసులు వచ్చినప్పుడు! ఇంత తెలుసుకోకుండా ముసలివాళ్లను భయపెట్టే మెసేజ్ పంపడానికి చెయ్యెలా వచ్చింది?

రెండు లోపాలు కలపరన్నది పచ్చి అబద్ధం. కలుపుతారు, కాకపోతే నేరుగా కూడరు. పెద్ద శాతాన్ని 90లోంచి తీసేసి, మిగిలినదాన్ని చిన్న శాతంతో గుణించి, 90తో భాగించి, వచ్చింది పెద్దదానికి కలుపుతారు. కాలు 30, వినికిడి 20 అనుకోండి: 60ని 20తో గుణిస్తే 1,200, దాన్ని 90తో భాగిస్తే 13 చిల్లర, మొత్తం 43. గీత దాటింది! పిన్నమ్మ కాగితంలో కాలు గురించి మాత్రమే ఉంది, చెవుల పరీక్షే చేయలేదు. మేం అర్జీలో రాసింది ఆ ఒక్క ముక్కే, "వినికిడి పరీక్ష చేయలేదు, చేయించండి" అని. ఇంతకుముందు చెవి డాక్టరు దగ్గర తీసిన ఆడియోగ్రామ్ జిరాక్సు జత చేశాం.

ఒకటి ఒప్పుకుంటాను. కాలు లోపం పేరుతో పింఛను తీసుకుంటూ ఎరువు బస్తా భుజాన వేసుకుని గట్టు మీద నడిచే మనిషిని నేనూ చూశాను. తనిఖీ చేయడం తప్పు కాదు. అప్పీల్ వేసినవాళ్లందరికీ పింఛను తిరిగి వస్తుందనీ నేను చెప్పను, మళ్లీ చూసినా 40 దాటనివాళ్లు ఉంటారు. ఐదు వేలిస్తే శాతం పెంచుతామనేవాళ్లు మాత్రం మీ దగ్గరికి వస్తారు, వాళ్లకు డబ్బిస్తే అప్పుడు నిజంగానే 91వ సెక్షన్ గురించి భయపడాలి.

నోటీసు మీద గడువు చూసుకోండి. అర్జీ రెండు కాపీలు తీసి, ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. పని జరగకపోతే సోమవారం నెల్లూరు కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే తిక్కన ప్రాంగణానికి వెళ్లి చెప్పండి. వికలాంగులకు న్యాయ సేవాధికార సంస్థలో లాయరు ఉచితం, ఆదాయంతో సంబంధం లేదు. పిన్నమ్మ అర్జీ గడువుకు రెండు రోజుల ముందు ఇచ్చాం. ముద్ర వేసిన కాగితాన్ని ఈసారి మడత పెట్టలేదు, ప్లాస్టిక్ కవర్లో పెట్టి దేవుడి పటం పక్కన మేకుకు తగిలించింది.