మా సభ్యుడి ఓటు ఎటు పడింది?

ఎంపీల హాజరును, అడిగిన ప్రశ్నలను లెక్కగట్టి మార్కులు వేసిన ఒక వ్యాసం చదివాను, బాగుంది. కానీ పల్లెటూరి ఓటరుకు కావలసిన అసలు లెక్క అందులో లేదు: మా బతుకును మార్చే బిల్లు వచ్చిన రోజున మా సభ్యుడు అవునన్నాడా, కాదన్నాడా? 2020 సాగు బిల్లుల్లో పంట అమ్మకం, ఒప్పంద సాగులపై వచ్చిన రెండింటినే చూడండి. లోక్‌సభలో సెప్టెంబర్ 17న, రాజ్యసభలో 20న, రెండుచోట్లా మూజువాణి ఓటే, అంటే అవును, కాదు అనే కేకలు విని తేల్చడమే. రాజ్యసభలో ఓట్లు లెక్కించాలని ప్రతిపక్షం పట్టుబట్టినా జరగలేదు. ఎవరు ఎటు ఓటేశారో పేరుపేరునా చెప్పే కాగితమే లేదు. రాజ్యాంగ సవరణకు మాత్రం లెక్కించి తీరాలి. 2023లో మహిళా రిజర్వేషన్ బిల్లుకు లోక్‌సభలో 454 మంది అనుకూలం, ఇద్దరు వ్యతిరేకం అని అందుకే తెలిసింది.

నివర్ తుపాను తర్వాత మా ఊరికి వచ్చిన సభ్యుడిని కల్లం దగ్గర ఒక పెద్దాయన ఆపాడు. గుప్పిట్లో మొలకెత్తిన ధాన్యం. "అయ్యా, ఆ చట్టాలకు మీరు ఒప్పుకున్నారా?" అని అడిగాడు. "అది పార్టీ నిర్ణయం" అంటూ సభ్యుడు కారెక్కారు. విప్‌ను, అంటే ఎటు ఓటేయాలో చెప్పే పార్టీ ఆదేశాన్ని, ధిక్కరిస్తే 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం కింద పదవి పోవచ్చునని నాకూ తెలుసు. అయినా ఆ కల్లంలో ఐదు నిమిషాలు కూర్చుని తన మనసులో మాట చెప్పడానికి ఏ విప్ అడ్డొచ్చింది? రైతుకు సంబంధించిన ప్రతి బిల్లుపైనా సభ్యుల ఓట్లు నమోదు చేయాలి. ఆ జాబితాను తెలుగులో పంచాయతీ కార్యాలయం గోడకు అంటించాలి.