గళానికి దక్కవలసిన గౌరవం

2023 మార్చిలో ఆస్కార్ వేదికపై రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ 'నాటు నాటు' పాడారు. ఆ రాత్రే ఉత్తమ గీతం పురస్కారం ఆ పాటకు దక్కింది. ప్రతిమలు అందుకున్నది మాత్రం స్వరకర్త కీరవాణి, రచయిత చంద్రబోస్. ఆ విభాగం పాటను కూర్చినవారిది కాబట్టి పాడినవారికి అందులో వాటా లేదు. రచనకు పెట్టిన బహుమతి రచనకే చెందాలి. అకాడమీ నియమంతో మాకు పేచీ లేదు. పేచీ అంతా దాని నుంచి కొందరు తీస్తున్న తీర్మానంతోనే. తన పాట తాను రాసుకోని, బాణీ తాను కట్టుకోని గాయకుడు అసలు కళాకారుడే కాడనీ, పరుల సృష్టిని మోసుకొచ్చే గొంతు మాత్రమేననీ అనేవారు మన మధ్యా కనిపిస్తున్నారు. సొంత పాటలు రాసుకుని పాడే యువ గాయకుల మీద అభిమానంతో మొదలైన ఈ మాట, ఘంటసాలనూ సుశీలనూ బాలసుబ్రహ్మణ్యాన్నీ ఒక మెట్టు దించే దాకా వచ్చింది. దీన్ని మేము అంగీకరించడం లేదు.

ఈ వాదం పుట్టింది అమెరికా, బ్రిటన్‌ల రాక్ సంగీతంలో. 1960ల దాకా అక్కడా రచయితలు వేరు, గాయకులు వేరు. బీటిల్స్, బాబ్ డిలన్ తమ పాటలు తామే రాసుకుని నెగ్గాక, రాసుకున్నవాడి గొంతులోనే నిజాయితీ ఉంటుందన్న అభిప్రాయం స్థిరపడింది. డిలన్‌కు 2016లో సాహిత్య నోబెల్ రావడం దానికి మరింత బలమిచ్చింది. అయితే ఆ 1960లలోనే, అదే అమెరికాలో మరొకటి జరిగింది. ఓటిస్ రెడింగ్ 1965లో రాసి పాడిన 'రెస్పెక్ట్' గీతాన్ని 1967లో అరెథా ఫ్రాంక్లిన్ తీసుకుని పాడింది. ఇంటికి చేరిన మగవాడు తన మనిషి నుంచి కోరే మర్యాద, ఆమె నోట స్త్రీ నిలదీసి అడిగే గౌరవమైంది. ఆ పదాన్ని అక్షరం అక్షరంగా విడదీసి పలికే భాగం రెడింగ్ పాటలో లేదు. ఈ రోజు ఆ పాట ఎవరిదని అడిగితే లోకం మొదట చెప్పేది అరెథా పేరే. ఆ వాదాన్ని పుట్టిన చోటే అరెథా ఓడించింది.

ఇక మన సంగతి. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు వేల సంఖ్యలో రాగిరేకులపై చెక్కి ఉండగా, తిరుమల ఆలయంలోని భాండాగారంలో శతాబ్దాల పాటు మరుగున పడి, 1922లో వెలుగు చూశాయి. సాహిత్యం భద్రంగా ఉంది. ప్రతి కీర్తనకూ రాగం పేరు చెక్కి ఉంది. లేనిదల్లా ఆ కీర్తనను ఎలా పాడేవారన్న ఆనవాలు. పాడే గొంతుల వరుస మధ్యలో తెగిపోవడంతో అన్నమయ్య బాణీలు పోయాయి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు మళ్లీ బాణీలు కట్టవలసి వచ్చింది. ఆ తరువాతనైనా ఆ కీర్తనలు పండితుల గదులు దాటి ఇళ్లలోకి రావడానికి మరొకరు కావలసి వచ్చింది. తిరుమల తిరుపతి దేవస్థానం చొరవతో వచ్చిన బాలాజీ పంచరత్నమాల రికార్డులలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడారు. ఆమె మాతృభాష తమిళం. ఆ కీర్తనలలో ఒక్క మాట ఆమె రాయలేదు, బాణీ ఆమె కట్టలేదు. అయినా తెల్లవారుజామున రేడియోలో ఆ గొంతు వింటూ పెరిగిన తెలుగు కుటుంబాలకు అన్నమయ్యను పరిచయం చేసింది ఆమే. 1998లో ఆమెకు భారతరత్న వచ్చినప్పుడు, ఆమె ఎన్ని కృతులు రచించారని ఎవరూ అడగలేదు.

క్షేత్రయ్య విషయంలో దీనికి సరిగ్గా తలకిందులుగా జరిగింది. పదిహేడో శతాబ్దపు ఈ పదకర్తకు రాగిరేకులు చెక్కించిన వంశం లేదు. సాహిత్యం తాళపత్రాలలో కొంత దొరికింది గానీ, ఆ పదాల నిదానపు నడక, ఒక్క మాట మీద ఆగి నాయిక మనసులోని అలకనూ ఆశనూ వేర్వేరుగా పలికించే తీరు బతికింది గొంతులలోనే. ఆ గొంతులు సమాజం చిన్నచూపు చూసిన దేవదాసీ, కళావంతుల కుటుంబాల స్త్రీలవి. చెన్నపట్నంలో వీణ ధనమ్మాళ్, ఆమె తరువాత మనుమరాళ్లు బృంద, ముక్త ఈ తెలుగు పదాలను ప్రాణంగా కాపాడుకున్నారు. రాసిన మువ్వగోపాలుని భక్తుడికి ఎంత రుణపడి ఉన్నామో, కొత్తగా ఏమీ రాయకుండా పాడుతూ పోయిన ఆ స్త్రీలకూ అంతే రుణపడి ఉన్నాం. ఈ మాట మన సంగీత చరిత్రలలో ఇంకా గట్టిగా రావలసి ఉంది. పదకర్త పేరు పాఠ్యపుస్తకాలకెక్కింది. ఆ పదాలను మనదాకా చేర్చిన ఆడవారి పేర్లు మన పిల్లలు ఎన్నడూ వినరు.

రాయడానికీ పాడడానికీ ఉన్న ఈ తేడాను మన పూర్వులు గుర్తించకపోలేదు. శార్ఙ్గదేవుడు పదమూడో శతాబ్దంలో సంగీతరత్నాకరం రాస్తూ, మాటనూ, ధాతువు అనే బాణీనీ రెంటినీ కూర్చే వాగ్గేయకారుడికి ఎత్తయిన పీఠం వేశాడు. అక్కడితో ఆగకుండా గాయకుడి గుణదోషాలను విడిగా లెక్కించాడు, గాయకులలో అయిదు రకాలు చెప్పాడు. మరొకరి బాణీని అనుకరించేవాడు అనుకారుడు. పాటకు అతిశయాన్ని చేకూర్చేవాడు భావుకుడు. మనం ఈ రోజు తడబడుతున్న ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. గాయకుడిని తూచవలసింది అతడు చేతపట్టిన కలంతో కాదు, తనకు అందిన పాటకు అతడు చేర్చినదానితో.

పద్యనాటకం చూసిన తరానికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన సత్యహరిశ్చంద్రలో కాటిసీనుకు జాషువా శ్మశానవాటి పద్యాలు వచ్చి చేరాయి. ఆ పద్యాలు జనానికి కంఠతా వచ్చు. కథ అందరికీ తెలుసు. అయినా రాత్రంతా మేలుకుని బండ్లు కట్టుకుని వచ్చింది డి.వి. సుబ్బారావు ఆ పద్యాన్ని ఎలా ఎత్తుకుంటారో, రాగాన్ని ఎక్కడ నిలిపి ఎక్కడ వదులుతారో వినడానికే. కృష్ణుడి పద్యాలకు పీసపాటి నరసింహమూర్తిది ఒక తీరు, షణ్ముఖి ఆంజనేయరాజుది మరొక తీరు. తిరుపతి వేంకట కవుల పద్యం ఒక్కటే. వన్స్‌మోర్ కొట్టిన ప్రేక్షకుడు కవిని గౌరవిస్తూనే నటగాయకుడిని విడిగా మెచ్చుకున్నాడు. చదువు రాని ప్రేక్షకుడూ తేలిగ్గా చేసిన ఈ వింగడింపు మనకు కష్టం కాకూడదు.

సినిమా పాటకు వస్తే నేపథ్య గాయకుడి పని బయటికి కనిపించేదాని కన్నా చాలా క్లిష్టం. తెరపై పెదవులు కదిపేది మరొకరు, సందర్భం దర్శకుడిది, మాట ఒకరిది, బాణీ ఒకరిది. వీటన్నిటికీ లోబడుతూనే వినేవాడికి ఒక మనిషి గుండె వినిపించాలి. శంకరాభరణంలో శాస్త్రీయ విద్వాంసుడి పాత్రకు పాడిన బాలు శాస్త్రీయ సంగీతం నేర్చినవారు కాదు. స్వరకర్త కె.వి. మహదేవన్ సహాయకుడు పుహళేంది దగ్గర ఆ పాటలను పట్టుబట్టి నేర్చుకుని పాడారు. జాతీయ పురస్కారం పొందారు. నటుడు మారితే ఆయన గొంతు ఆ నటుడి నడకకు తగినట్టు మారేది. ఎస్. జానకి పసిపాపలానూ ముదుసలిలానూ పాడగలిగారు, మూడు భాషలలో నాలుగు జాతీయ పురస్కారాలు పొందారు. సుశీల పలికిన ప్రతి అక్షరంలో ఒత్తు ఒత్తుగానూ సరళం సరళంగానూ వినిపిస్తుంది. ఉత్తమ గాయనికి జాతీయ పురస్కారం మొదలైనప్పుడు తొలిసారి దాన్ని అందుకున్నది ఆమే, అదీ ఒక తమిళ పాటకు. ఇదంతా కళ కాకపోతే కళ అన్న మాటకు మేము వేరే అర్థం వెతుక్కోవాలి.

అవతలి పక్షం వాదనలో ఒక న్యాయమైన బాధ ఉంది, దాన్ని తోసిపుచ్చలేం. గాయకుడి కీర్తి కింద రచయిత మరుగున పడుతున్నాడు. శంకరాభరణానికి స్వరకర్త మహదేవన్‌కు, గాయకులు బాలు, వాణీ జయరామ్‌లకు జాతీయ పురస్కారాలు వచ్చాయి. ఆ పాటలు రాసిన వేటూరికి ఆ గౌరవం 1993 నాటి మాతృదేవోభవ దాకా ఆగింది. ఇది అన్యాయం. అయితే దీనికి విరుగుడు గాయకుడిని తగ్గించడంలో లేదు. విరుగుడు ఏమిటో బాలునే చూపించారు. 1996లో మొదలైన పాడుతా తీయగా కార్యక్రమంలో పిల్లలు పాట అందుకునే ముందు రచయిత పేరు, స్వరకర్త పేరు చెప్పించడం, చరణంలోని మాటకు అర్థం విప్పి చెప్పడం ఆయన ఒక నియమంగా పాటించారు. తెలుగు నేలలో ఒక తరం పిల్లలకు ఆత్రేయ ఎవరో, పెండ్యాల ఎవరో తెలియడంలో ఆయన పాత్ర పెద్దది. 2017లో తన పాటలను అనుమతి లేకుండా వేదికలపై పాడరాదంటూ ఇళయరాజా నోటీసు పంపినప్పుడూ ఆయన ఆ పాటలు తనవని వాదించలేదు. వాటిని పక్కనపెట్టి పర్యటన కొనసాగిస్తానని చెప్పారు. స్వరకర్త హక్కు హక్కే. ఆ పాటలను జనం గుండెల్లో నిలిపిన గొంతుకు గౌరవమూ గౌరవమే. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకునేవి కావు.

మన చట్టం మాత్రం చాలాకాలం గాయకుడిని లెక్కలోకే తీసుకోలేదు. 1949లో మహల్ పాట రికార్డుపై లతా మంగేష్కర్ పేరుకు బదులు తెరమీది పాత్ర పేరు అచ్చయిందంటే అప్పటి పద్ధతి అర్థమవుతుంది. 1977లో సినిమా సంగీతంపై సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్ ప్రత్యేకంగా ఒక విచారం వెలిబుచ్చారు. కాపీరైటు దక్కేది కాగితంపై రాసిన స్వరానికే తప్ప మధురమైన గాత్రానికి కాదన్న స్థితిని ఆయన ఎత్తిచూపారు. ఆయన మాట పార్లమెంటు చెవికెక్కడానికి పదిహేడేళ్లు పట్టింది. 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు వచ్చింది. 2012 సవరణ గాయకులకు వాణిజ్య వినియోగంపై రాయల్టీని, తమ పేరు తమ గానానికి ఉండాలని కోరే నైతిక హక్కును ఇచ్చింది. రచయితలకు, స్వరకర్తలకు విడదీయరాని రాయల్టీ వాటా ఇచ్చిందీ అదే సవరణ. ముగ్గురికీ చోటు కల్పించడం సాధ్యమేనని చట్టమే ఒప్పుకుంది.

గాయకుడు వట్టి వాహకమనేవారు ఇటీవలి పరిణామాలను గమనించాలి. బాలు 2020 సెప్టెంబరులో కన్నుమూశారు. ఆ తరువాత వచ్చిన కీడా కోలా అనే తెలుగు చిత్రంలో కృత్రిమ మేధతో ఆయన గొంతును పుట్టించారు. అనుమతి తీసుకోలేదంటూ కుటుంబం నోటీసు పంపింది. 2024లో బొంబాయి హైకోర్టు అరిజిత్ సింగ్ గొంతును యంత్రాలతో నకలు చేసి వాడుకోవడాన్ని నిలిపివేసింది. పాట రాసినవాడి మాటలు అలాగే ఉన్నాయి, బాణీ కట్టడానికి కొత్తవారున్నారు, మరి దొంగిలించాలనిపించేంత విలువ ఎక్కడిది? ఒక్కొక్క గొంతులో ఒక్కొక్క జీవితం చేరి ఉంది. దశాబ్దాల సాధన, శ్వాసను దాచుకునే నేర్పు, మాట మీద ఎక్కడ బరువు పెట్టాలో తెలిసిన బుద్ధి అందులో ఉన్నాయి. యంత్రం నకలు చేసేది వాటి ఫలితాన్నే.

అలాగని పాడిన ప్రతివారికీ ఈ కీర్తి దానంతటదే రావాలని మేము అనడం లేదు. తెలుగు అర్థం తెలుసుకోకుండా, వేరే లిపిలో రాసుకున్న కాగితం చూసి శకార సకారాలు, లకార ళకారాలు కలిపేసి పాడుతున్న వైనం ఏళ్లుగా వింటున్నాం. తెలుగు మాతృభాష కాని వాణీ జయరామ్, చిత్ర ఎంత శ్రద్ధగా పలికారో తెలిసినవారికి ఆ నిర్లక్ష్యం మరింత బాధ కలిగిస్తుంది. ట్రాక్ సింగర్ ముందే పాడి పెట్టిన భావాన్ని యథాతథంగా దింపుకుని, శ్రుతిని కంప్యూటర్‌తో సరిచేయించుకుని, తన పేరు పెద్దక్షరాలతో వేయించుకునేవారూ ఉన్నారు. శార్ఙ్గదేవుడి లెక్కలో వీరు అనుకారులే. వారికి దక్కుతున్న పేరులో కొంత ఆ ట్రాక్ గాయకుడికి చేరాలి. ఇప్పుడు వారి పేరు ఎక్కడా ఉండదు.

అందుకే పరిశ్రమను, ప్రభుత్వాన్ని మేము కోరేవి కొన్ని ఉన్నాయి. పాటలు వినిపించే యాప్‌లలో గాయకుల పేరు పక్కనే రచయిత, స్వరకర్తల పేర్లు తప్పనిసరిగా కనిపించాలి. తుది పాటలో ట్రాక్ గాయకుల భాగం ఉంటే వారి పేరూ చేర్చాలి. గాయకుడి గొంతును యంత్రంతో పునఃసృష్టించడానికి లిఖితపూర్వక సమ్మతి, మరణించినవారి విషయంలో వారసుల సమ్మతి, తగిన పారితోషికం తప్పనిసరి చేస్తూ కాపీరైటు చట్టంలో స్పష్టమైన సెక్షన్ చేర్చాలి. క్షేత్రయ్య పదాలను మనకు మిగిల్చిన గాయనుల గురించి కనీసం ఒక పాఠం రెండు తెలుగు రాష్ట్రాల పాఠ్యపుస్తకాలలో వచ్చే సవరణలోనైనా చోటు చేసుకోవాలి.