తూర్పు గడప ఎవరి కోసం?

వాస్తు లెక్కన చూస్తే తిరుపతి ఊరే తప్పు. ఉత్తరం, తూర్పు పల్లంగానూ దక్షిణం, పడమర ఎత్తుగానూ ఉండాలంటారు. ఇక్కడేమో ఊరికి ఉత్తరాన శేషాచలం కొండలే అడ్డంగా నిలబడ్డాయి. ఇంటిస్థలంలో ఉత్తరం వైపు జానెడు మెరక ఉందంటే మట్టి తీయించే దాకా నిద్రపోని మనిషే, ఫ్లాట్ కొనేటప్పుడు మాత్రం ‘కొండ కనపడుతుందా?’ అని మొదట అడుగుతాడు. కనపడితే ధర కాస్త ఎక్కువైనా సరేనంటాడు. ఉత్తరాన అంత ఎత్తు దోషం కాదా అంటే, ‘అది స్వామి కొండ, దానికి దోషమేంది’ అని ఒక్క మాటలో తేల్చేస్తాడు.

దీన్ని చూసి నవ్వుకోవచ్చు గానీ, ఊళ్లో ఇళ్లు కొనేవాళ్లు నిజంగా మనసుకు నచ్చి కోరుకునేది ఇదొక్కటేనేమో అనిపిస్తుంది నాకు. రాత్రిపూట మిద్దె మీద నిలబడితే ఘాట్ రోడ్డు దీపాలు, గాలిగోపురం దగ్గర వెలిగే నామాలు కనిపిస్తాయి. గట్టి వాన పడిన మర్నాడు కపిలతీర్థం దగ్గర కొండ మీంచి నీళ్లు దూకుతుంటాయి. ఇందులో భక్తి ఉంది, కాదనను. కానీ భక్తితోనే అయిపోలేదు. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు అమెరికాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ల రికార్డులు పోల్చి చూశాడు. కిటికీలోంచి చెట్లు కనపడే గదుల్లో ఉన్నవాళ్లు, ఇటుక గోడ మాత్రమే కనపడే గదుల్లోవాళ్ల కంటే ముందు ఇంటికెళ్లారు, గట్టి నొప్పి మందులూ తక్కువ వాడారు. కంటికి పచ్చదనం కావాలన్నది ఒంటికీ తెలిసిన అవసరమే.

మిగతా కోరికల సంగతి వేరు. వాటిలో చాలావరకు ఆ ఇంట్లో ఉండబోయే వాళ్లవి కావు. రేపు కొనబోయేవాళ్లవి, అద్దెకు రాబోయేవాళ్లవి, చుట్టపుచూపుగా వచ్చిపోయేవాళ్లవి.

ఈస్ట్ ఫేసింగ్‌నే తీసుకోండి. పాతకాలపు ఇంటికి తూర్పు వాకిలి పెట్టడంలో అర్థం ఉంది. పొద్దుటి ఎండ వాకిట్లో పడి, కళ్లాపి చల్లిన నేల ఆరుతుంది. సాయంత్రానికి ఇంటి నీడే వీధి వైపు పరుచుకుంటుంది కాబట్టి అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే ఊళ్లో ఆ నీడ చిన్న విషయం కాదు. ఇప్పటి అపార్ట్‌మెంట్లో తూర్పు గడప దాటితే వచ్చేది కారిడార్. పట్టపగలు కూడా ట్యూబ్‌లైట్ వేసుకోవాలి, ఎదురుగా పక్కవాళ్ల చెప్పుల స్టాండు. సూర్యుడు ఆ గుమ్మంలోకి తొంగిచూసే రోజే ఉండదు. గుమ్మం తూర్పున కారిడార్‌లోకి తెరుచుకుంది గనక బాల్కనీ, హాలు కిటికీలు పడమరకు పోతాయి. మధ్యాహ్నం రెండు నుంచి ఎండంతా హాల్లోనే. సోఫా వెనక కర్టెన్ ఏడాది తిరక్కుండానే వెలిసిపోతుంది, రాత్రి తొమ్మిదింటికి గోడను తాకినా ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఇక ఏసీ కొనక తప్పదు. అదే అంతస్తులో కారిడార్‌కు అవతల ఉన్న వెస్ట్ ఫేసింగ్ ఫ్లాట్‌కేమో బాల్కనీ నిండా పొద్దుటి ఎండ, సాయంత్రం చల్లటి నీడ. పెద్దలు తూర్పు వాకిలితో సంపాదించుకున్నవన్నీ దానికే దక్కాయి. బిల్డర్ దగ్గర ఆఖరున మిగిలేది కూడా అదే.

కొనేవాళ్లకు ఇవి తెలియవా అంటే తెలుసు. కదిపితే చాలామంది చెప్పేది ఒకటే: ‘నాకంత పట్టింపు లేదన్నా, కానీ రేపు అమ్మాలంటే కష్టం.’ ఆ రేపు కొనేవాడూ ఇదే మాట అంటాడు. వాస్తును మనసారా నమ్మేవాళ్లు కొద్దిమందే అయినా, మిగతావాళ్లంతా ‘ఎదుటివాడు నమ్ముతాడులే’ అనుకుంటే చాలు, ధర నిలబడిపోతుంది. ఎప్పుడో అమ్మే ఒక్కరోజు కోసం, ఇరవై ఏళ్లు బ్యాంకు లోను కడుతూ రోజూ ఉక్కపోత భరించడం నాకైతే నష్టపు బేరంలాగే కనపడుతుంది.

బాత్రూమ్‌ల పట్టింపు మాత్రం తిరుపతికే ప్రత్యేకం. మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు దొరికాయని చుట్టాల నుంచి ఫోనొచ్చిందంటే ఏడెనిమిది మంది దిగుతున్నారనే. తెల్లారక ముందే లేచి అందరూ తలస్నానాలు చేయాలి, అందరికీ వేడినీళ్లు కావాలి. అందుకే రెండు బెడ్‌రూమ్‌ల ఇంటికి కూడా హాలు పక్కన కామన్ బాత్రూమ్ ఉండి తీరాలంటారు, పడగ్గదిలోంచి ఎవరూ నడిచి వెళ్లకుండా. హాలు కూడా విశాలంగా ఉండాలి, చాపలు పరిస్తే పదిమంది పడుకునేంత. ఇద్దరు మనుషులకు ఇంత హాలెందుకని అడిగే బయటి ఊరివాళ్లు బ్రహ్మోత్సవాలప్పుడు వచ్చి చూడాలి. ఇది చుట్టాల కోసమే అయినా రోజువారీ వాడకంలో ఉన్న కోరిక, నేను తప్పు పట్టను. మెట్లు ఇంటి బయటినుంచే పెట్టించేదీ ఇలాంటి లెక్కతోనే: మేడ మీది పోర్షన్ యూనివర్సిటీ పిల్లలకో, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకో అద్దెకిస్తే వాళ్ల దారి వాళ్లది.

నీళ్ల దగ్గరికొచ్చేసరికి ఇష్టాయిష్టాలు పోయి భయం మిగులుతుంది. కల్యాణి డ్యామ్ ఎండిన ఏళ్లు చూసినవాళ్లం, ట్యాంకర్ కోసం వీధిలో బిందెలు వరస పెట్టినవాళ్లం. కండలేరు నుంచి తెలుగుగంగ నీళ్లు వస్తున్నా ఆ టెన్షన్ పోలేదు. అందుకే ఎంత చిన్న ఇల్లయినా ఈశాన్యంలో సంప్, పైన ట్యాంకు, వీలైతే ఒక బోరు. 2021 నవంబరు వరదల్లో ఎం.ఆర్.పల్లి వైపు ఒక ఇంట్లో, సిమెంటు రింగులతో కట్టిన నీళ్ల ట్యాంకు, లోపల దిగి ఒకావిడ శుభ్రం చేస్తుండగానే భూమిలోంచి పైకి లేచి నిలబడింది. ఆ వీడియో చూడనివాళ్లు లేరు. మహిమేమీ లేదు: చుట్టూ మట్టి నీళ్లతో నానిపోయి, లోపల ట్యాంకు ఖాళీగా ఉంటే అడుగునున్న నీరు దాన్ని పైకి తోసేస్తుంది. నాకు వింతగా తోచేది ఆ తర్వాతి సంగతి. ఆ వరదకు ఇళ్లలోకి నీళ్లొచ్చిన కాలనీల్లో సైతం, ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్లు సంప్ ఎన్ని వేల లీటర్లో అడుగుతారు గానీ, వాననీళ్లు ఎటు పోతాయో అడగరు. కరువు మన ఇళ్ల ప్లాన్లలోకి ఎప్పుడో ఎక్కింది. వరద ఇంకా ఎక్కలేదు.

ఇల్లు చూపించేవాళ్లు సాధారణంగా పొద్దున పదింటికి, అంతా చల్లగా ఉన్నప్పుడు రమ్మంటారు. మధ్యాహ్నం మూడున్నరకు వస్తామని చెప్పండి. హాల్లో ఫ్యాను ఆపి పావుగంట కూర్చోండి. దిగేటప్పుడు కింద వాచ్‌మన్‌నో, పక్కింటివాళ్లనో 2021లో ఈ వీధిలో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో అడగండి. గడప ఏ వైపుందో బ్రోకర్ ఎలాగూ అడక్కుండానే చెబుతాడు.