బావిలోంచి ఎముకలు తీసినా శాంతించని దెయ్యం

జపాన్ సినిమా రింగు చూసినోళ్ళని ఎవర్ని అడిగినా ఒకటే సీన్ చెప్తారు, జుట్టు విరబోసుకున్న అమ్మాయి టీవీలోంచి పాక్కుంటూ బయటికొచ్చే సీన్. హిడియో నకాటా 1998లో తీసిన సినిమా అది, ఆ సీన్ ఇప్పటికీ భయపెడుతుంది, కాదనను. కానీ నన్ను నిజంగా వణికించింది దానికి కాస్త ముందు జరిగేది.

సినిమా వచ్చి పాతికేళ్ళు దాటింది కాబట్టి కథ చెప్పేస్తున్నా. ఒక వీడియో క్యాసెట్, అది చూసినవాళ్ళు ఏడు రోజులకి చచ్చిపోతారు. రేయికో అనే జర్నలిస్టు చూస్తుంది, ఆమె మాజీ భర్త ర్యూజీ చూస్తాడు, వాళ్ళ చిన్న కొడుకు కూడా రాత్రి తల్లి నిద్రపోతుంటే లేచి చూసేస్తాడు. ఇద్దరూ ఆరా తీస్తూ పోతే ఆ క్యాసెట్ శాపానికి మూలమైన సడాకో అనే అమ్మాయిని, తండ్రి అనుకున్నవాడే తల మీద కొట్టి బావిలో పడేశాడని, ఆ పిల్ల లోపల కొన్నాళ్ళు బతికే ఉందని, గోళ్ళు ఊడిపోయేదాకా పైకెక్కడానికి ప్రయత్నించిందని తెలుస్తుంది. వెళ్ళి ఆ బావిలోకి దిగుతారు, గడువు దగ్గర పడుతుంటే చేతులు పడిపోయేలా బకెట్లతో నీళ్ళు తోడతారు. చివరికి రేయికో చేతికి ఓ పుర్రె తగులుతుంది, దానికున్న జుట్టు ఊడి జారిపోతుంది, కళ్ళ గుంటల్లోంచి బురద కారుతుంది, ఆమె దాన్ని చూసి అరవదు, పసిబిడ్డని తీసుకున్నట్టు గుండెకి హత్తుకుంటుంది. గడువు దాటిపోతుంది, ఆమె బతికే ఉంటుంది.

మన ఇళ్ళల్లో పెరిగినోళ్ళకి ఎవరికైనా అక్కడితో అయిపోయిందనిపిస్తుంది. దిక్కులేని చావు చచ్చిన పిల్ల, ఎముకలు దొరికాయి, ఎవరో ఒకరు తన కోసం ఏడ్చారు, ఇక జరగాల్సిన కర్మకాండ జరుగుతుంది, ఆత్మ శాంతిస్తుంది. ఊపిరి వదులుతాం.

మర్నాడు ర్యూజీ ఇంట్లో టీవీ దానంతట అదే ఆన్ అవుతుంది.

నేనిది హాస్టల్లో ఉన్నప్పుడు రూమ్మేట్ కంప్యూటర్లో అర్ధరాత్రి దాటాక చూశాను, నలుగురం ఒకే మంచం మీద. ఆ టీవీ వెలిగినప్పుడు నాకు ముందు అన్యాయం అనిపించింది, ఆ తర్వాతే భయమేసింది. అంటే వీళ్ళు చేయాల్సింది చేశారు కదా, ఇంకేం కావాలి నీకు అని. ఆ ప్రశ్నకి జవాబు లేకపోవడమే ఏషియన్ హారర్ అని నాకిప్పుడు గట్టిగా అనిపిస్తుంది.

ఎందుకంటే ఏషియాలో చాలా దెయ్యం కథల కింద ఒక ఒప్పందం ఉంటుంది. చచ్చినవాళ్ళకి అన్యాయం జరిగితే వెనక్కి వస్తారు, బతికున్నవాళ్ళు ఆ బాకీ తీరిస్తే వెళ్ళిపోతారు. సడాకో బావికి మూలం అని చాలామంది చెప్పే ఒకికు కథే చూడండి, హిమేజీ కోటలో ఇప్పటికీ ఆమె పేరుతో ఒక బావి ఉంది. పనిమనిషి, పది పళ్ళేల్లో ఒకటి పోయిందని నిందేసి చంపి బావిలో పడేస్తారు, రాత్రిళ్ళు బావిలోంచి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ తొమ్మిది దగ్గర ఆగి కేక పెడుతుంది. కథలో ఒక రూపంలో ఎవరో పక్కనుంచి గట్టిగా పది అని అరుస్తారు, అంతే, ఆమె శాంతిస్తుంది. సుగవరా నో మిచిజానే అనే పెద్ద పండితుడు, మంత్రి, రాజధాని నుంచి వెళ్ళగొడితే 903లో ప్రవాసంలోనే చనిపోయాడు, తర్వాత వరసగా చావులు, 930లో రాజభవనం మీద పిడుగు, ఇదంతా ఆయన కోపమే అని భయపడి గుడి కట్టి పూజించారు, ఇవాళ పరీక్షల ముందు జపాన్ పిల్లలు మొక్కుకునే చదువుల దేవుడు తెంజిన్ ఆయనే. కొరియాలో జాంగ్‌హ్వా, హోంగ్‌ర్యాన్ అనే అక్కాచెల్లెళ్ళ కథలో దెయ్యాలు న్యాయం అడగడానికి ఆ ఊరి అధికారి దగ్గరికే వస్తాయి, వచ్చిన అధికారులు భయంతోనే చచ్చిపోతుంటారు, చివరికి ఒకడు ధైర్యంగా కూర్చుని వాళ్ళు చెప్పేది వింటాడు. విన్నాడు, శిక్ష వేశాడు, అయిపోయింది.

మనదీ అదే లెక్క. తొంభైల్లో గోడల మీద, తలుపుల మీద ఓ స్త్రీ రేపు రా అని రాసుకున్న రోజులు గుర్తున్నాయా, ఆ దెయ్యం కూడా అది చదివి సరే అని వెళ్ళిపోయి మళ్ళీ మర్నాడు వచ్చేదంట. మాటకి కట్టుబడే దెయ్యం. చిన్నప్పుడు మా అమ్మమ్మ చెప్పిన కథల్లో కూడా దెయ్యానికి ఏదో ఒకటి కావాలి, అది ఇస్తే పోయేది, అందుకే భయపడుతూనే హాయిగా నిద్రపోయేవాళ్ళం.

తొంభైల చివరి నుంచి వచ్చిన సినిమాలు ఏం చేశాయంటే, ఆ దెయ్యాన్నీ ఆ బావినీ ఆ తెల్లబట్టల్నీ అలాగే ఉంచి ఒప్పందాన్ని మాత్రం చింపేశాయి. సడాకోకి న్యాయం అక్కర్లేదు. రేయికో బతికింది ఎముకలు తీసినందుకు కాదు, ఆ క్యాసెట్‌ని కాపీ చేసి ఇంకొకరికి చూపించినందుకు, ఆ చూసినవాడు ర్యూజీనే. జాలి, కన్నీళ్ళు, సత్యం కనుక్కోవడం, ఏదీ లెక్కలోకి రాలేదు. మేం చూస్తున్న సీడీ కూడా ఎవరో కాపీ చేసి ఇచ్చిందే అని ఆ రాత్రి ఒకడు గుర్తు చేశాడు, ఆ తర్వాత ఎవరం మాట్లాడలేదు.

తకాషి షిమిజు తీసిన జూ-ఆన్ ఇంకో అడుగు ముందుకేసింది. 2003 జనవరిలో జపాన్ థియేటర్లకొచ్చిన సినిమాలో ఒక అమ్మాయి మంచంలో ఉన్న ముసలావిడకి సాయం చేయడానికి వాలంటీర్‌గా ఒక ఇంటికెళ్తుంది. ఆమె చేసిన తప్పు ఆ గుమ్మం దాటడం. ఆ ఇంట్లో భర్త చేతిలో చచ్చిన కయాకోకి ఆమెతో ఏ గొడవా లేదు, అయినా వదలదు. ఇదే సినిమాలో ఇంకో అమ్మాయి భయపడి తన ఇంటికొచ్చి, తన మంచమెక్కి దుప్పటి కప్పుకుంటుంది, కయాకో ఆ దుప్పట్లోనే ఉంటుంది. చిన్నప్పుడు మనందరం నమ్మిన ఒకే ఒక రూల్, దుప్పటి కప్పుకుంటే దెయ్యం ఏం చేయలేదని, దాన్ని కూడా లాగేశాడు ఆయన.

థాయిలాండ్ వాళ్ళ షట్టర్, 2004లో వచ్చింది, నా లెక్కలో వీటన్నిటిలోకి తెలివైనది. ఫోటోగ్రాఫర్ టున్‌కి ఎప్పుడూ మెడ నొప్పి, డాక్టర్ దగ్గర బరువు చూసుకుంటే ఉండాల్సినదాని కంటే చాలా ఎక్కువ చూపిస్తుంది, ఫోటోల్లో ఒక ఆడమనిషి నీడ. ఆమె నాత్రే, ఒకప్పుడు అతన్ని ప్రేమించిన అమ్మాయి, తల్లి ఆమె శవాన్ని దహనం చేయకుండా ఇంట్లోనే ఉంచుకుంది. అంత్యక్రియలు జరిపిస్తారు, అంతా ప్రశాంతం, మనకి తెలిసిన ఎండింగ్ వచ్చేసింది. కానీ టున్ దాచింది ఇంకా ఒకటుంది, ఆ అమ్మాయిని ఫ్రెండ్స్ పాడుచేస్తుంటే అతను నిలబడి ఫోటోలు తీశాడు. చితి కాలింది గానీ బాకీ తీరలేదు. చివర్లో పోలరాయిడ్ ఫోటోలో తెలుస్తుంది ఆమె ఇన్నాళ్ళూ ఎక్కడుందో, అతని భుజాల మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. ఆ మెడ నొప్పి మనం సినిమా మొదటి నుంచీ చూస్తూనే ఉన్నాం.

అందుకే ఈ దెయ్యాలు మీద పడవు, ఊరికే నిలబడతాయి. అప్పులవాడు తగువేం పెట్టుకోకుండా వచ్చి అరుగు మీద కూర్చుంటే ఇంట్లోవాళ్ళకి ముద్ద దిగనట్టు, ఈ ఆడమనిషి గది మూల నిలబడి ఉంటుంది, తొందరేం లేదు. సడాకో నడకకి కూడా గ్రాఫిక్స్ వాడలేదు, కబుకి అనే జపాన్ సంప్రదాయ నాటకం నేర్చుకున్న రియే ఇనో అనే నటి వెనక్కి నడుస్తుంటే షూట్ చేసి దాన్ని రివర్స్‌లో వేశారు, అందుకే కాళ్ళు ముందుకే పడుతున్నా ఆ కదలిక మనిషిది కాదని ఒళ్ళు చెప్పేస్తుంది. ముఖం చూపించరు, ఒక్క కన్నే. ఆ తెల్లబట్టలు శవానికి కట్టేవి, ఆ జుట్టు శవానికి ముడేయని జుట్టు, అంటే సాగనంపడం సగంలో ఆగిపోయిన మనిషి అని చూడగానే అర్థమవుతుంది. తర్వాత ఎన్నో దేశాల్లో, మన దగ్గర కూడా, ఆ జుట్టునీ ఆ నడకనీ ఎత్తుకొచ్చి వెనక పెద్ద సౌండ్ పెట్టి భయపెడదామని చూశారు, ఉలిక్కిపడ్డాం అంతే. మన సినిమాల్లో సెకండాఫ్‌లో ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది, చంపినవాడు చస్తాడు, ఆత్మ వెలుగై వెళ్ళిపోతుంది, ఒప్పందం భద్రంగా ఉంటుంది. భయం ఎక్కడినుంచి వస్తుంది మరి?

జపాన్ ఇక్కడిదాకా ఎందుకొచ్చిందో కూడా ఆలోచించాలి. ఒప్పందం నిలబడాలంటే బతికున్నవాళ్ళు ఉండాలి కదా, తలకొరివి పెట్టేవాళ్ళు, ఏడాదికోసారి తలుచుకునేవాళ్ళు. ఎవరూ లేని చచ్చినవాళ్ళకి జపాన్‌లో ముయెన్‌బొతొకే అని ఒక పేరే ఉంది, బంధం లేని మృతులు అని. ఫ్లాట్లలో ఒంటరిగా చనిపోయి రోజుల తర్వాత బయటపడేవాళ్ళు ఎంతమందో, చివరికి 2021లో అక్కడి ప్రభుత్వం అద్దె ఇళ్ళల్లో హత్య, ఆత్మహత్య లాంటివి జరిగితే దాదాపు మూడేళ్ళ దాకా కొత్తగా వచ్చేవాళ్ళకి చెప్పాలని గైడ్‌లైన్స్ ఇచ్చింది. నకాటాదే ఇంకో సినిమా డార్క్ వాటర్, 2002, అందులో విడాకుల కేసులో ఉన్న తల్లి పాత అపార్ట్‌మెంట్‌లో కూతురితో దిగుతుంది, సీలింగ్ మీద తడి మరక రోజురోజుకీ పెరుగుతుంది. పైన నీళ్ళ ట్యాంకులో పడి చచ్చిపోయిన ఒక పిల్ల, ఎవరికీ దొరకని పిల్ల, తనకి అమ్మ కావాలి. ఈ తల్లి కూతుర్ని కాపాడుకోవడానికి లిఫ్ట్‌లో ఆ దెయ్యానికే అమ్మగా ఉండిపోతుంది. సొంత కూతురు బయట ఏడుస్తుంటే. బాకీ ఒకరిది, తీర్చింది ఇంకొకరు.

రింగు కూడా ఇంట్లోవాళ్ళ దగ్గరే ఆగుతుంది. కొడుకు బతకాలంటే వాడు చూసిన క్యాసెట్ ఇంకెవరో చూడాలి, ఎవరు చూస్తారు? రేయికో తండ్రికి ఫోన్ చేస్తుంది, మనవడి కోసం ఒక సాయం కావాలంటుంది. ఆయన కాదనడని ఆమెకి తెలుసు. వీసీఆర్ కార్లో ఉంది, రోడ్డు ఖాళీగా ఉంది, ముందు ఆకాశంలో నల్లగా మబ్బు పట్టి ఉంది.