పురుగు వెంటనే చావలేదని బీటీ మందును తీసిపారేయకండి

బీటీ పొడి (బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియాతో చేసిన పురుగుమందు) కొట్టిన మర్నాడు కూడా శనగపచ్చ పురుగు బతికే ఉంది కాబట్టి ఆ మందు దండగ అని మీ వ్యాసంలో రాశారు. మాది నాగులుప్పలపాడు వైపు, శనగ వేస్తాం. మొదటి ఏడాది నేనూ అలాగే అనుకుని రెండో రోజే ఘాటు మందు కొట్టాను. తర్వాతే విషయం తెలిసింది.

ఇది తగిలితే చచ్చే మందు కాదు, పురుగు తినాలి. ఇందులో ఉండేది ఆ బ్యాక్టీరియా, దాని ప్రొటీన్ స్ఫటికాలు. మన కడుపులో ఆమ్లం ఉంటుంది. ఈ పురుగు నడిమి పేగు అందుకు పూర్తిగా వ్యతిరేకం, పీహెచ్ 9 దాటిన క్షారం. ఆ క్షారంలోనే స్ఫటికం కరుగుతుంది. పురుగు సొంత జీర్ణరసాలే దాన్ని కత్తిరించి విషంగా మారుస్తాయి. అది పేగు గోడ కణాలకు అతుక్కుని రంధ్రాలు చేస్తే కణాలు ఉబ్బి పగిలిపోతాయి. అప్పుడు పేగులోని బ్యాక్టీరియా రక్తంలోకి చొరబడుతుంది. చావుకు రెండు మూడు రోజులు పడుతుంది కానీ మేత కొన్ని గంటల్లోనే ఆగిపోతుంది. కాబట్టి చచ్చిన పురుగుల్ని లెక్కపెట్టకండి, కొత్తగా కాయకు తొర్ర పడిందా లేదా చూడండి.

ఎండకు ఈ మందు త్వరగా దెబ్బతింటుంది, సాయంత్రం పూటే కొట్టాలి. అదీ పురుగు చిన్నగా ఉన్నప్పుడే. కాయలోకి తల దూర్చిన పెద్ద పురుగు మీద ఆశ పెట్టుకోవద్దు. దయచేసి వ్యాసంలో ఈ సంగతి చేర్చండి, లేకపోతే అది చదివి రైతులు నష్టపోతారు.