బరిలో అబ్బిన నమ్మకం, గుండాటలో పోయే డబ్బు

సంక్రాంతికి భీమవరం, ఉండి, అమలాపురం చుట్టుపక్కల కోడి పందేల బరుల దగ్గర లక్షలు చేతులు మారతాయి. అక్కడ పందెం కాసేవాళ్లంతా తెలివితక్కువవాళ్లు అనుకుంటే పొరపాటు.

కోడి పందెంలో నేర్పుకి కొంత చోటుంది. మేపిన తీరు, ఇచ్చిన తర్ఫీదు, కత్తి కట్టినవాడి పనితనం ఫలితాన్ని మారుస్తాయి. దానికి తోడు కోడి రంగు, వారం, దిక్కుల్ని బట్టి గెలుపోటములు చెప్పే కుక్కుట శాస్త్రం. ఏ వారం ఏ దిక్కున వదిలితే డేగ గెలుస్తుందో, కాకి ఎప్పుడు ఓడుతుందో (ఇవి రంగుని బట్టి కోళ్లకి పెట్టిన పేర్లు) అందులో చూసుకుంటారు. చెప్పినట్టు జరిగితే ఏడాదంతా చెప్పుకుంటారు. జరక్కపోతే కత్తి సరిగ్గా కట్టలేదంటారు. శాస్త్రం మీద మాత్రం మచ్చ పడదు.

ఆ ధీమాతోనే పక్కనున్న గుండాట పటం దగ్గరికి వెళతారు. పటం మీది ఒక బొమ్మపై డబ్బు కాస్తే, అవే బొమ్మలున్న పాచికలు వేస్తారు. అసలు నష్టం అక్కడే. ఆరు బొమ్మలు, మూడు పాచికలు ఉన్నాయనుకోండి. పడే తీరులు 216. అందులో 125 సార్లు మీ బొమ్మ ఒక్క పాచిక మీదా ఉండదు. ఒక పాచిక మీద పడితే పందేనికి సమానంగా, రెండింటి మీదైతే రెట్టింపు, మూడింటి మీదైతే మూడింతలు, కాసిన డబ్బుకి అదనంగా ఇచ్చినా, కాసిన ప్రతి వందలో సగటున ఎనిమిది రూపాయల దాకా నిర్వాహకుడికే మిగులుతుంది. "ఇందాకట్నుంచి పడలేదు, ఈసారి పడి తీరాలి" అంటారు గానీ, ఇందాక ఏం పడిందో పాచికకి గుర్తుండదు.

మనిషి తన చేత్తో ఎంచుకున్నదానికి లేని బలం అంటగడతాడు. మనస్తత్వ శాస్త్రవేత్త ఎలెన్ లాంగర్ 1975లో ప్రచురించిన ప్రయోగంలో, లాటరీ టికెట్టు స్వయంగా ఎంచుకున్నవాళ్లు దాన్ని తిరిగి అమ్మడానికి, ఎవరో చేతిలో పెడితే తీసుకున్నవాళ్లకన్నా నాలుగు రెట్లకు పైగా అడిగారు.

డెల్టాలో ఈ నమ్మకానికి ఇంకో వేరుంది. ఒకే సీడు (రొయ్య పిల్లలు), ఒకే మేత వేసిన రెండు రొయ్యల చెరువుల్లో ఒకటి తెల్లమచ్చ వైరస్‌తో రోజుల్లో తుడిచిపెట్టుకుపోతుంది, పక్కది పండుతుంది. కౌలు కట్టి, అప్పు తెచ్చి, ఏరియేటర్ల దగ్గర రాత్రుళ్లు కాపలా కాసిన రైతు దాన్ని అదృష్టం అనక ఏమంటాడు? కానీ చెరువులో నీటి పరీక్షకి, సీడు ఎంపికకి విలువుంది. పాచికల డబ్బాలో అలాంటిదేమీ లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో జూద నిషేధ చట్టం 1974 నుంచీ ఉంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో కేంద్రం నిషేధించింది. పోలీసు దాడులు జరగాల్సిందే. దాంతోపాటు పదో తరగతి లెక్కల్లో సంభావ్యత పాఠాన్ని సంక్రాంతి సెలవులకు ముందే, గుండాట పటం బోర్డు మీద గీసి, పిల్లలచేతే ఆ 125 లెక్క కట్టించి చెప్పాలి.