సంస్కరణా, వదిలించుకోవడమా?

బ్రిటన్‌లో 1988 నుంచి సోషల్ ఫండ్ అనే ప్రభుత్వ నిధి కింద పేదలకు అత్యవసరానికి వడ్డీ లేని క్రైసిస్ లోన్లు, ఇంటి సామాను లాంటి అవసరాలకు తిరిగి కట్టక్కర్లేని కమ్యూనిటీ కేర్ గ్రాంట్లు ఉండేవి. లోపాలున్నాయి, నిజమే. ప్రభుత్వం వాళ్లు సంస్కరిస్తామన్నారు. తీరా చేసిందేంటి? 2013 ఏప్రిల్‌లో రెండూ రద్దు! ఇంగ్లండ్‌లో ఆ భారం స్థానిక కౌన్సిళ్ల నెత్తిన పడేశారు. డబ్బిచ్చారు గానీ, దీనికే ఖర్చుపెట్టాలన్న నిబంధన పెట్టలేదు. ఇంకేముంది, కొన్ని కౌన్సిళ్లు పథకాన్నే ఎత్తేశాయి. స్కాట్లండ్, వేల్స్ మాత్రం తమ ప్రాంతమంతటికీ ఒకే నిధి పెట్టుకున్నాయి. మరి ఇంగ్లండ్ వాళ్లేం పాపం చేశారు? పొయ్యి పాడైతే ముందు మ్యాప్ తీసి ఏ కౌన్సిల్ కిందికొస్తామో చూసుకోవాలా? పోనీ సాయం దొరికినా, చాలాచోట్ల నగదు ఇవ్వలేదు, వోచర్లట! పేదవాడి చేతిలో నాలుగు నోట్లు పెట్టడానికి అంత భయమెందుకో!